పదకొండు అంగలు

గురువారం పొద్దున బిడ్డను కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టుకొని నీళ్ళు పోస్తుండగా వీధిలో తప్పెట మోగింది. మామూలు రోజైతే కామాక్షమ్మ ఆ మోతకు చెవి ఒగ్గేదే కాదు. పశువుల సంతో, చెరువు మరమ్మతో, ఏదో ఒకటి మగవాళ్ళ సంగతి. ఈసారి మాత్రం చెంబెత్తిన చెయ్యి గాల్లోనే నిలిచిపోయింది.

"ఏటిగడ్డన గోరీలదిన్నె చదును చేస్తా ఉండారహో! ఏరు దాటే చప్టాకి రోడ్డు పడతా ఉండాదహో! మీ వాళ్ళ గోరీలుంటే శనివారం పొద్దుగూకేలోగా ఓవర్సీరు గారికి చూపించి, ఎత్తి పైమిట్టన పెట్టుకోండహో! ఆ పైన అడిగితే లేదహో!"

తప్పెట పక్క వీధికి పోయింది. బిడ్డ చలికి వణికి గుక్కపట్టాడు. వంటింట్లోంచి అత్తగారు ఆదిలక్ష్మమ్మ గబగబా వచ్చి చెంబు లాక్కుంది.

"ఏందమ్మే, నీళ్ళు చల్లారిపోతా ఉంటే ఆ వాకిలి తట్టు చూస్తావు? ఈడుండాడు బిడ్డ. ఈణ్ణి చూడు."

చూసింది. నాలుగో నెల వాడికి. మాలకొండ స్వామి పేరు పెట్టుకున్నారు, మాలకొండయ్య అని. రోజుకు ఇరవైసార్లు వాడి నుదురు తాకి చూడనిదే ఆమెకు తోచదు. నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది. అంత భయం ఊరికే రాలేదు. రెండేళ్ళ కింద ఎండాకాలంలో తట్టు పోసి, ఐదు నెలల ఆడపిల్ల, వరలక్ష్మి, ఆమె ఒళ్ళోనే కన్నుమూసింది. మామగారు వెంకటరమణయ్య వచ్చి, ఆమె చేతుల్లోంచి బిడ్డను తీసుకొని, పైపంచెలో చుట్టుకొని వెళ్ళాడు. ఏట్లో తలస్నానం చేసి తిరిగొచ్చాడు. ఎక్కడ పెట్టిందీ చెప్పలేదు. చెప్పకూడదు కూడా.

ఆత్మకూరులో ఏ కులం వాళ్ళకైనా అదే పద్ధతి. పళ్ళు రాని బిడ్డ పోతే కాల్చరు, గోరీలదిన్నెలో పూడ్చిపెడతారు. పైన రాయి పెట్టరు, పేరు రాయరు. తాతో తండ్రో తీసుకుపోతాడు, కాటికాపరి కొండలయ్య తవ్వుతాడు. ఆ చోటు తల్లికి తెలియకూడదు. తల్లి కళ్ళు ఆ మట్టి మీద పడితే పాలు ఇంకిపోతాయనీ, తర్వాత పుట్టిన బిడ్డ కూడా ఆ దారే వెతుక్కుంటుందనీ నమ్మకం. ఆ దిన్నె మీద పెద్ద పెద్ద గోరీలకు లోటు లేదు. ఒకప్పుడు ఉదయగిరి కోట మీదికి పోతూ ఈ ఏటి ఒడ్డున దిగి జబ్బుచేసి పోయిన సిపాయీలవి, ఫకీర్లవి, జంగాలవి, ఎవరో దొరసానిది. వాటి మధ్య ఖాళీల్లో, పల్లేరు కింద, ఊరి పసిబిడ్డలందరూ ఉన్నారు. పైకి చూస్తే వట్టి నేలే.

మధ్యాహ్నం మామగారు అంగడి నుంచి భోజనానికి వచ్చాడు. పప్పు ఉప్పుల వ్యాపారంలో ముప్పయ్యేళ్ళు నలిగిన మనిషి, మాట కూడా త్రాసులో వేసినట్టే మాట్లాడతాడు. కాపరానికి వచ్చిన ఇన్నేళ్ళలో కామాక్షమ్మ ఆయనతో ఎదురుగా నిలబడి మాట్లాడింది లేదు. ఆ రోజు తలుపు చాటు నుంచి బయటికి వచ్చి నిలబడింది.

"మామయ్యా, తప్పెట ఇన్నారు గదా."

"ఇన్నాను."

"మన పాప ఆడ ఉండాది గదా మామయ్యా. ఓవర్సీరుకి చూపించి..."

ఆయన ముద్ద నోటి దాకా తీసుకుపోయి ఆపాడు. "పోయిన బిడ్డను మన పాప అనకూడదు. ఉండేది ఒక్కడే. వాణ్ణి చూసుకో."

"పైన లారీలు పోతాయంట."

"మన్ను మీద పోతాయి. రెండేండ్లకి మన్ను గాక ఇంకేముంటది?" అని ఆయన అన్నం సగంలోనే చెయ్యి కడుక్కొని లేచిపోయాడు.

ఆదిలక్ష్మమ్మ కోడలి చెయ్యి పట్టుకొని వంటింట్లోకి ఈడ్చింది. "నీకేం పొయ్యేకాలమే? నాకు ఇద్దరు పోయినారు. ఒక మొగబిడ్డ, ఒక ఆడబిడ్డ. ఏ మూల పెట్టినారో నేను అడిగినానా? నోరు కుట్టుకున్నా. కుట్టుకున్నా కాబట్టే నీ మొగుడు నాకు దక్కినాడు. వాడు నెల్లూరి నుంచి సరుకు తీసుకొని వచ్చేలోగా ఈడ ఏదన్నా అయితే వాడికి నేనేం చెప్పాల?"

మాట్లాడితే కామాక్షమ్మకు ఏడుపొస్తుంది, ఏడిస్తే పాలు చెడతాయని మళ్ళీ అదో భయం. కానీ కళ్ళు మూసుకుంటే చాలు, చక్రాలు కనిపించసాగాయి. ఇసుక లారీల జంట చక్రాలు.

శుక్రవారం మధ్యాహ్నం కొండలయ్య పెరటి గుమ్మం దగ్గరికి అన్నానికి వచ్చాడు. వారానికి ఒకరోజు ఆ ఇంట్లో అతనికి వాడుక. అత్తగారు నడవలో కునుకు తీస్తోంది. కామాక్షమ్మ ఆకులో అన్నం పెట్టి, పులుసు పోసి, అక్కడే నిలబడింది.

"కొండలయ్యా, ముందటేడు తట్టు పోసినప్పుడు మా మామయ్య ఒక ఆడబిడ్డను తెచ్చినాడు. యాడ పెట్టినావు?"

కొండలయ్య కలుపుతున్న చెయ్యి ఆపాడు. "తల్లులకి చెప్పే మాట కాదమ్మా అది."

"నీకు గుర్తుండాదా, లేదా? అది చెప్పు చాలు."

అతనికి అది పౌరుషంగా తగిలింది. "గుర్తు లేకేం! నలభై ఏండ్లుగా పూడ్చిన బిడ్డలందరూ ఈ బుర్రలో ఉండారు. దొరసాని గోరీ లేదూ, దాని పడమటి మూల రాయికి మడమ ఆనించి, ఏటవతల ఒంటి తాటిచెట్టుకి సూటిగా అంగలేస్తా. ఒక్కొక్క బిడ్డకి ఒక్కొక్క లెక్క. కొందరికి జంగం సమాధి నించి, కొందరికి ఫకీరు గుమ్మటం నించి. పెద్దోళ్ళ గోరీలు లేకపోతే నా లెక్క నిలిచేదెట్టా?"

"మా పాపది ఎన్ని?"

అతను కలిపిన ముద్దను ఆకులో పక్కకు నెట్టాడు. "పదకొండు."

కామాక్షమ్మ గుమ్మం పట్టుకుంది. రెండేళ్ళుగా ఎటు చూసినా దొరకని బిడ్డ, ఒక్క మాటతో దగ్గరికి వచ్చినట్టయింది. దొరసాని గోరీ నుంచి పదకొండు అంగలు. వీధి దాటితే ఏరు, ఏటి గడ్డ మీద దిన్నె.

"రేపు నాకు చూపించు."

"చూపించి ఏం చేస్తావమ్మా? ఇటు చూడు." కొండలయ్య పంచె పైకి లాగి మోకాలు చూపించాడు. కిందటేడు గోడ రాయి మీద పడి విరిగిన కాలు వంకరగా అతుక్కుంది. "ఇప్పుడు నాది అంగ కాదు, కోడిపిల్ల నడక. పదకొండేసినా ఆడికి చేరను, ఇరవై ఏసినా ఆడికి చేరను. ఆ మాట అట్టుంచు. ఫకీరు గుమ్మటం ఈ పొద్దే పడగొట్టినారు, చప్టాకి రాయి చాలలేదంట. రేపు పొద్దున్నే దొరసాని గోరీకి గునపాలు పడతాయి. ఆ మూల రాయి కదిలిందా, ఇంక నేనూ ఒకటే, ఊళ్ళో గుడ్డోడూ ఒకటే."

"గడువు సాయంత్రం దాకా గదా!"

"గడువు చూపించుకునేటోళ్ళకి. దొరసాని కోసం ఎవురొస్తారు?"

ఆ రాత్రి ఎట్లా గడిచిందో ఆమెకే తెలియదు. తెల్లవారుతూనే బిడ్డ పొట్ట తడిమి, "అత్తమ్మా, పొట్ట ఉబ్బరంగా ఉండాది. పిచ్చమ్మ కాడికి పోయి చూపించుకొస్తా," అని అబద్ధమాడింది. పెళ్ళయ్యాక అత్తగారితో ఆమె ఆడిన మొదటి అబద్ధం అది. పసిపిల్లలకు మందులిచ్చే పిచ్చమ్మ ఇల్లు ఎడమ చేతి వైపు. వీధి చివర కామాక్షమ్మ కుడి చేతి వైపు తిరిగింది. బిడ్డ తల మీద కొంగు కప్పింది.

గోరీలంటే ఆమెకు చిన్నప్పటి నుంచీ భయం లేదు. పుట్టిల్లు ఉదయగిరి. కొండ కింద బడికి పోయే దారి పొడుగునా పాత గోరీలే. వాటి మీద కూర్చొని పలక మీద లెక్కలు చేసుకునేవాళ్ళు. లెక్కల్లో ఆమెదే ముందు చెయ్యి. నాలుగో తరగతి అయ్యాక సంబంధం కుదిరిందని బడి మాన్పించారు. ఇప్పుడు భయమంతా మట్టి గురించి. ఏ అడుగు కింద ఏ మట్టి ఉందో తెలియదు. అందుకని దిన్నె ఎక్కుతున్నంత సేపూ తల దించలేదు, ఏటవతల తాటిచెట్టు వైపే చూస్తూ నడిచింది.

దిన్నె మీద నాలుగు బండ్లు నిలిపి ఉన్నాయి. సున్నంతో రెండు గీతలు గీసి ఉన్నాయి, రోడ్డు వచ్చే దారి అది. ఫకీరు గుమ్మటం ఉన్న చోట అడుగు మెట్టు ఒక్కటే మిగిలింది, దాని పక్కన పెద్ద గొయ్యి. నలుగురు మనుషులు గునపాలతో దొరసాని గోరీ చుట్టూ చేరారు. నిలువెత్తు గోరీ, గచ్చు పెచ్చులూడి, కింద వరసంతా పసుపు పూసి పూసి పచ్చగా మారింది. కాన్పు సుఖంగా కావాలని ఊరి ఆడవాళ్ళు దానికి పసుపు రాసి మొక్కుకునేవాళ్ళు.

"ఆపండి," అంది కామాక్షమ్మ. గొంతు ఆమెకే వినిపించలేదు. ఒకడు గునపం ఎత్తి పడమటి మూల రాయి సందులో దించాడు. రాయి కిర్రుమంది.

ఆమె ఇంకేమీ ఆలోచించలేదు. పరిగెత్తుకుంటూ పోయి బిడ్డతో సహా ఆ మూల రాయి మీద కూర్చుంది.

గునపం వాడు ఉలిక్కిపడి వెనక్కి దూకాడు. "అమ్మా! లెయ్ లెయ్! కాలు తెగతాది!"

"లెయ్యను."

ఖాకీ నిక్కరు, టోపీ, చేతిలో తోలు డబ్బా టేపు. ఓవర్సీరు నారాయణయ్య గబగబా వచ్చాడు. పై ఊరి మనిషి, మాట కూడా ఉద్యోగస్తుల మాట. "ఎవరమ్మా నువ్వు? శెట్టిగారి ఇంటి మనిషిలా ఉన్నావు. ఈ దొరసాని నీకేమవుతుంది?"

కూలీలు పకపకా నవ్వారు. తట్టలో రాళ్ళెత్తుతున్న ఒక ఆడమనిషి మాత్రం నవ్వలేదు. వెంకమ్మ అని పిలుస్తున్నారు ఆమెను. ఆమె కసిరింది. "నవ్వబాకండ్రా, చంకలో పసిబిడ్డ ఉండాది. ఏందమ్మా నీ బాధ, ఆయనకి చెప్పు."

"నా బిడ్డ ఈడ ఉండాది," అంది కామాక్షమ్మ. "గడువు సాయంత్రం దాకా ఇచ్చినారు మీరే. ఈ రాయి కదిలితే నా బిడ్డ దొరకదు."

"సరే, గోరీ ఎక్కడుందో చూపించు. రాసుకుంటాను, ఎత్తిస్తాను. రూలు అదే."

"గోరీ లేదు."

"గోరీ లేనిదాన్ని ఏమని రాసుకోనమ్మా?"

అప్పటికి కొండలయ్య కర్ర పోటేసుకుంటూ దిన్నె ఎక్కాడు. విషయం చెప్పాడు. ఓవర్సీరు విని, టోపీ తీసి తల గోక్కుంటూ గోరీ చుట్టూ ఒకసారి తిరిగాడు. వెనక వైపు గచ్చులో పొదిగిన నల్లరాతి పలక మీద దుమ్ము తుడిచి, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కున్నాడు. మళ్ళీ చదివాడు. అతని మొహం వింతగా మారింది.

"దొరసాని అన్నది ఎవరు?"

"మా తాత కాలం నించీ అందరూ," అన్నాడు కొండలయ్య.

"దొరసాని కాదయ్యా. సార్జెంటు. ఫిరంగి దళంలో సార్జెంటు. ముప్పై తొమ్మిదేళ్ళ మగాడు!"

వెంకమ్మ తట్ట కింద పడేసి నోటి మీద చెయ్యేసుకుంది. "ఓరి నాయనో! ఈ మీసాల మడిసికా నేను నాలుగు కాన్పులకి పసుపు రాసింది?"

ఈసారి ఓవర్సీరు కూడా నవ్వాడు. కొండలయ్య ఒక్కడే నవ్వలేదు. "సార్జెంటయితే మాత్రం అంగలు మారతాయా? మూల మూలే గదా," అంటూ మూల రాయికి మడమ ఆనించి, తాటిచెట్టు వైపు నడిచాడు. ఒకటి, రెండు, మూడు. విరిగిన కాలు ఈడుస్తూ వేసిన పదకొండో అంగ దగ్గర ఆగి, చుట్టూ చూసి తల అడ్డంగా ఊపాడు. "ఈడ కాదు. ఇంకా అవతల. ఎంత అవతలో నాకు తెలవదు."

"చూశావా అమ్మా," అన్నాడు ఓవర్సీరు. "బండ్లు ఖాళీగా నిలబడున్నాయి. వాన వచ్చేలోగా చప్టా పూర్తికాకపోతే నా ఉద్యోగం పోతుంది. అంతా తవ్వించమంటావా?"

అంతా తవ్వించటం కుదరదని ఆమెకూ తెలుసు. తవ్విన ప్రతి చోటా ఎవరో ఒకరి బిడ్డే. చంకలో వాడు కదులుతున్నాడు, ఎండకి మొహం ఎర్రబడింది. నుదురు తాకితే వేడిగా ఉంది. ఎండ వేడా, ఒంటి వేడా? లేచి ఇంటికి పోతే సరి. ఎవరూ ఒక్క మాట అనరు.

"కొండలయ్యా," అంది. "కాలు విరగకముందు, ఈ మూల నించి ఫకీరు గుమ్మటం మెట్టుకి ఎన్ని అంగలు? ఎప్పుడన్నా ఏసినావా?"

"ప్రతి గురారం దీపం పెట్టడానికి పోయే దోవ గదమ్మా. ఇరవై రెండు. తక్కువా కాదు, ఎక్కువా కాదు."

"ఆ మెట్టు ఇంకా ఉండాది గదా!"

కొండలయ్యకు అర్థం కాలేదు. ఓవర్సీరుకు అర్థమైంది, కళ్ళు చిన్నవి చేసి ఆమె వైపు చూశాడు. కామాక్షమ్మ బండి మోకు అడిగింది. ఒకటి చాలక రెండు ముడివేశారు. మూల రాయి దగ్గర ఒక కొస తను పట్టుకుంది, రెండో కొస వెంకమ్మ పట్టుకుపోయి ఫకీరు మెట్టుకు తాకించింది. అక్కడ తాడు మీద బొటనవేలు నొక్కి పట్టి తాడు వెనక్కి తెచ్చింది. కామాక్షమ్మ దాన్ని సగానికి మడిచింది. ఇరవై రెండులో సగం పదకొండు. మడిచిన తాడు మూల నుంచి తాటిచెట్టుకు సూటిగా చాచారు. తాడు చివర పల్లేరు తీగల మధ్య ఒక చదును నేల మీద ఆగింది.

సున్నం గీతల లోపలే. సరిగ్గా రోడ్డు నడుమ.

కొండలయ్య పార తీసుకున్నాడు. అంతలో దిన్నె కింద నుంచి కేక వినిపించింది.

"కామాక్షీ!"

వెంకటరమణయ్య గొడుగు ఊపుకుంటూ ఎక్కుతున్నాడు. ఎవరో అంగట్లో చెప్పేశారు. పైపంచె భుజం మీద నుంచి జారిపోతున్నా చూసుకోలేదు. "పసిబిడ్డను ఎత్తుకొని ఈడికి వచ్చినావా? నీకు మతి ఉండే వచ్చినావా? నడువ్ ఇంటికి!"

ఆ గొంతు విని వీధిలో ఎవరైనా పక్కకు తప్పుకుంటారు. కామాక్షమ్మ తాడు కొస వదల్లేదు. "పాపను తీసినాక వస్తా మామయ్యా."

"తియ్యబాక కొండలయ్యా! నేను కన్నతాతని, నేను చెప్తా ఉండా!"

"నేను కన్నతల్లిని," అందామె. కేకవేసి కాదు, చాలా నెమ్మదిగా.

కొండలయ్య ఇద్దరి వైపూ మార్చి మార్చి చూశాడు. ఓవర్సీరు టేపు డబ్బాతో పైకి కిందికి సైగ చేశాడు, తవ్వమని. పార నేలలో దిగింది. కామాక్షమ్మ చూపు దించుకోలేదు. మట్టి చూడకూడదు గనక మామగారి మొహం చూస్తోంది. ఆయన కళ్ళు పార మీద లేవు. తాడు చివర కూడా లేవు. దానికి ఎడమ పక్కన, రెండు బారల దూరంలో, ఏమీ లేని నేల మీద ఉన్నాయి.

"మామయ్యా," అంది. "ఆడ కాదా?"

పార రెండోసారి పడింది. మూడోసారి ఖణేలుమని రాయి తగిలింది. కొండలయ్య పారకు చేయి ఆనించి ఊపిరి తీసుకొని మళ్ళీ ఎత్తాడు. నాలుగోసారి పడబోయే ముందు వెంకటరమణయ్య గొంతు పగిలింది.

"ఆపరా! ఆ పొద్దూ నీకు ఆడే రాయి తగిలింది. ఎడం పక్కకి జరిగి రెండో గుంట తవ్వినావు. లెక్క మొదటి గుంటదే పెట్టుకున్నావు, పిచ్చోడా!"

కొండలయ్య పార దించి నుదురు కొట్టుకున్నాడు. "ఆ వారంలో ఏడుగురు బిడ్డలు వచ్చినారు శెట్టిగారూ. ఏడుగురు."

వెంకటరమణయ్య గొడుగు ముడిచి కింద పెట్టాడు. ఎడమ పక్కకు నడిచి, చెప్పులు విడిచి, ఒక చోట కాలి బొటనవేలితో గీత గీశాడు. తర్వాత కోడలి వైపు తిరిగి, కోపం అంతా ఇగిరిపోయిన గొంతుతో, "నువ్వు ఏటి తట్టు తిరిగి కూర్చో. ఈ ఒక్క మాట ఇను," అన్నాడు.

విన్నది. సార్జెంటు గోరీ నీడలో, ఏటి వైపు తిరిగి కూర్చొని బిడ్డను రొమ్ముకు పట్టింది. ఎండాకాలం ఏరు సన్నగా, ఇసుక మధ్య రెండు పాయలుగా పారుతోంది. వెనక పార చప్పుడు. మట్టి ఎత్తిపోసే చప్పుడు. ఆ తర్వాత పార ఆగి, చేతులతో తవ్వే చప్పుడు. బిడ్డ నోరు పెట్టాడు, వదిలేశాడు, మళ్ళీ పెట్టాడు.

"నల్లపూసలుండాయి," అన్నాడు కొండలయ్య.

ఇరవై ఒకటో రోజున ఆమె గుచ్చి కట్టిన పూసలు. తాడు చీకిపోయి ఉంటుంది, పూసలు మిగిలాయి. ఆమె కళ్ళ నుంచి నీళ్ళు బిడ్డ చెంప మీద పడ్డాయి. వాడు తుమ్మి, మళ్ళీ రొమ్ము అందుకున్నాడు.

వెంకటరమణయ్య పైపంచె విప్పి పరిచాడు. మూట కట్టుకొని ముందు నడిచాడు. పదడుగుల వెనక కామాక్షమ్మ. పైమిట్ట మీద కొండలయ్య గుంట తవ్వుతుండగా ఆయన మూటను పొట్టకు ఆనించుకొని నిలబడి, కోడలి వైపు చూడకుండానే అన్నాడు.

"నిన్న సాయంత్రం ఒక్కణ్ణే ఈడికి వచ్చినాను. మీ అత్త బిడ్డలిద్దరూ ఫకీరు గోడ పక్కన ఉండినారు. ఆ గొయ్యి చూసినావు గదా. రాయితో పాటు మట్టి గూడా ఎత్తి బండ్లకేసినారు. చప్టాలో ఉండారు వాళ్ళిప్పుడు." మూటను ఇంకాస్త దగ్గరికి హత్తుకున్నాడు. "మీ అత్తకు చెప్పబాక."

ఆయన ముప్పై ఏళ్ళుగా ఎవరికీ చెప్పకుండా మోసిన చోటు, నిన్న ఒక్క పూటలో లేకుండా పోయింది. నిన్న సాయంత్రం ఆయన ఇంటికి వచ్చి మజ్జిగ అడిగి తాగాడు, అంతే.

గుంట సిద్ధమైంది. "తల తిప్పుకో," అన్నాడాయన.

"చూస్తాను మామయ్యా."

"చూడకూడదమ్మా."

"చూడకపోతే మళ్ళీ రోడ్డు పడ్డప్పుడు ఎవురు చెప్తారు? కొండలయ్య ఉంటాడా, మీరుంటారా?"

ఆయన ఆమె మొహం చూశాడు, రొమ్ము దగ్గర మనవడి మొహం చూశాడు. మూట కొండలయ్యకు అందించాడు.

ఆమె చూసింది. రెండు చేతుల్లో ఇమిడేంత మూట. మామగారి పంచె అంచు ఆకుపచ్చది, మీద ఎర్రమట్టి మరకలు. కొండలయ్య దాన్ని దించి, రెండు చేతులతో మట్టి నెట్టాడు. ఆమె చెవులు మాత్రం రొమ్ము దగ్గరి బిడ్డ మీదే ఉన్నాయి. గుటక, గుటక, ఇంకో గుటక. వాడు తాగుతూనే ఉన్నాడు. తాగి తాగి కడుపు నిండి, నోటి పక్క నుంచి పాలు కారుస్తూ నిద్రలోకి జారాడు. నుదురు తాకింది. చల్లగా ఉంది.

పైమిట్ట మీద గుర్తుకి ఏమీ లేవు. చుట్టూ చూస్తే రాళ్ళ తట్టతో వెంకమ్మ నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో. తట్ట దించి, అందులో నుంచి చదునైన రాయి ఒకటి ఏరి, అడగకుండానే కామాక్షమ్మ చేతికిచ్చింది. కామాక్షమ్మ దాన్ని మట్టి మీద పెట్టి, అరచేత్తో అదిమింది. ఊళ్ళో ఆ పని చేసిన తల్లి అంతకు ముందు లేదు.

"అమ్మా," అంది వెంకమ్మ. "నాకూ ఒకడు పోయినాడు ఈడ. ఆరేండ్లయింది. మా మామ చచ్చిపోయే ముందర నోరు జారి చెప్పినాడు, పద్నాలుగని. దొరసాని మూల నించి పద్నాలుగని. నాకు లెక్కలు రావు." గొంతు తగ్గించింది. "పొద్దున్నించీ ఆ రాళ్ళే ఎత్తతా ఉండా, ఏం చెయ్యాలో తెలవక. కూలి పోతాదని నోరు తెరవలేదు."

కామాక్షమ్మ మామగారి వైపు తిరిగింది. ఆయన ఏటి వైపు చూస్తూ, "మీ అత్తకు నేను చెప్తాలే, ఆలస్యమౌతాదని," అని గొడుగు తీసుకొని దిన్నె దిగిపోయాడు.

సార్జెంటు గోరీ దగ్గర మళ్ళీ గునపాలు లేచాయి. కామాక్షమ్మ వేగంగా నడిచింది, వెంకమ్మ వెనకే పరిగెత్తింది. "అయ్యా, ఇంకొకరు ఉండారు. పద్నాలుగు," అంది ఓవర్సీరుతో.

"పద్నాలుగా?" ఓవర్సీరు విసుక్కున్నాడు. "తాడు సగానికి మడవచ్చు గానీ, పద్నాలుగుకి ఎట్లా మడుస్తావు?"

"మీ చేతిలో టేపు ఉండాది గదయ్యా."

అతను టేపు డబ్బా వైపు చూసుకున్నాడు. తర్వాత బండ్ల వైపు. తర్వాత చేతులు నలుపుకుంటూ నిలబడ్డ వెంకమ్మ వైపు. తిట్టుకుంటూనే పోయి, మూల నుంచి ఫకీరు మెట్టు దాకా టేపు పరిచి కొలిచాడు.

"యాభై ఐదు అడుగులు. ఇరవై రెండు అంగలకి. అంటే అంగ ఒకటికి రెండున్నర." పెదాలు కదిపాడు. "పద్నాలుగు అంటే ముప్పై ఐదు. కొండలయ్యా, ఇంకా ఎంతమంది ఉన్నారయ్యా ఈ మూల నుంచి, గీతల లోపల?"

కొండలయ్య వేళ్ళు మడవటం మొదలుపెట్టాడు. ఒక చెయ్యి అయింది. రెండో చెయ్యి అయింది. ఓవర్సీరు మధ్యలోనే ఆపమన్నట్టు చెయ్యెత్తి, గునపాల వాళ్ళ వైపు తిరిగాడు.

"ఒరేయ్, ఆ సార్జెంటును వదిలేయండి. పోయి ఏటిలో గులకరాళ్ళు ఎత్తండి ఇవాళ్టికి. ఎవడైనా అడిగితే నా పేరు చెప్పండి."

గునపాలు నేల మీద పడ్డాయి. అతను టేపు కొస లాగి కామాక్షమ్మకు ఇచ్చాడు. "మూలకి ఆనించి పట్టుకోమ్మా. జరగనివ్వొద్దు."

ఆమె నిద్రపోతున్న బిడ్డను భుజం మీదికి మార్చుకొని, వంగి, ఇత్తడి కొసను రాతి మూలకు బొటనవేలితో నొక్కి పట్టింది. గునపం దెబ్బకు రాయి అంచు పెచ్చు లేచింది గానీ, మూల కదల్లేదు. ఓవర్సీరు టేపు విప్పుకుంటూ తాటిచెట్టు వైపు నడిచాడు. అతని పక్కనే వెంకమ్మ, అడుగులో అడుగేసుకుంటూ, నేల వైపే చూసుకుంటూ.